లాభుబెన్ మానేసిన ముద్ద

నోరా, వీపుకు చేటు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు. సముద్రాలవతల, పెద్ద సరస్సు ఒడ్డునున్న కిసుము ఊళ్ళో లాభుబెన్ కొటేచా నోరు యాభై ఏళ్ళు ఆడి ఆడి, చివరికి ఆవిడ ఇంటికే ఎసరు పెట్టింది.

ఆ నోటికి ఒకటే పల్లవి: "మన దేశంలో అయితేనా!" పాలు నీళ్ళగా ఉంటే, మన దేశంలో గేదె పాలు ఎంత చిక్కగా ఉంటాయో చెప్పేది. సరస్సు మీంచి గాలి లేచి డాబా మీద ఆరేసిన అప్పడాలు ఎగిరిపోతే, మన దేశంలో గాలికి కూడా మర్యాద ఉంటుందనేది. పొద్దున్నే హడాడా పక్షులు ఇంటికప్పు మీద చేరి గొంతు చించుకుంటే, మన దేశంలో పిట్టలు భజన చేస్తాయనేది. ఇంతా చేసి ఆవిడ పుట్టింది కిసుములోనే, రైల్వే క్వార్టర్ల వెనక. పోరుబందరులో తెరచాప పడవెక్కి వచ్చినవాడు వాళ్ళ తాత. ఆ మన దేశాన్ని ఆవిడ చూసింది రెండేసార్లు. రెండోసారైతే కడుపు చెడి, ద్వారక ధర్మశాల పైకప్పు తప్ప మరేమీ చూడలేదు. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ ఆవిడ ముందు ఎత్తేంత గుండె ఎవరికుంది?

ఆ మధ్య గుడికి గిరిజాశంకర్ అని ఒక కుర్ర మహరాజ్, అదే పూజారి, భావ్‌నగర్ నుంచి కొత్తగా వచ్చాడు. చిన్నవాళ్ళంతా బా, అంటే అమ్మ, అని పిలిచే లాభుబెన్ సంబరపడిపోయి అతన్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగింది.

"మన దేశంలో కొత్త కోడలు అత్తగారి ముందు ముసుగు తియ్యదు కదూ?"

"అక్కడ ఇప్పుడు అవన్నీ ఎవరూ పట్టించుకోవడం లేదు, బా. మా వదిన స్కూటరేసుకుని ఆఫీసుకెళ్తుంది."

"నీకేం తెలుసు, నిన్న గాక మొన్న పుట్టావ్," అని లాభుబెన్ అతని నోరు మూయించింది. మన దేశం గురించి మన దేశం నుంచి వచ్చినవాడి మాట కూడా చెల్లని రాజ్యం ఆవిడది.

ఆ రాజ్యానికి పట్టాభిషేకం ఏటా దీపావళి మర్నాడు జరిగేది. గుజరాతీల కొత్త సంవత్సరం రోజున గుడిలో అన్నకూట్ పెడతారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వండి తెచ్చిన పిండివంటలు దేవుడి ముందు కొండలా పేరుస్తారు. ఆ కొండ ఎక్కడానికి ఏ గిన్నెకి అర్హత ఉందో తేల్చేది లాభుబెన్. ఒక ఏడు దమయంతీబెన్ రుఘానీ ముచ్చటపడి కొబ్బరిపాలలో రాజ్మా వండి తెచ్చింది. లాభుబెన్ మూత ఎత్తి, వాసన చూసి, మూత పెట్టేసింది. "ఇది ఈ ఊరి వీధి తిండి దమయంతీ, మన ఠాకూర్‌జీకి అరగదు," అని అందరి ముందూ గిన్నె తిప్పి పంపింది. దమయంతీబెన్ ఆ గిన్నె మోసుకుంటూ ఇంటికి వెళ్ళింది గానీ, ఆ మాటని మాత్రం అరిగించుకోలేదు.

ఇక భర్త వ్రజలాల్. ఆయనకి బజారులో సైకిల్ సామాన్ల దుకాణం ఉంది. మాట తక్కువ మనిషి. భార్య మన దేశం ఎత్తినప్పుడల్లా తల ఊపేవాడు. అది అవునో కాదో కనుక్కునే తీరిక ఆవిడకి యాభై ఏళ్ళలో దొరకలేదు.

ఆ ఏడు శరత్పూర్ణిమకి గుజరాతీ సమాజ్ భవనం డాబా మీద అందరూ చేరారు. పాలూ అటుకులూ గిన్నెల్లో పోసి వెన్నెల్లో పెట్టారు. చంద్రుడు పైకి రాగానే వ్రజలాల్ లేచి నిలబడి దగ్గాడు. ఆయన నలుగురిలో లేచి నిలబడటమే వింత, అందుకని అందరూ అటు తిరిగారు.

"దుకాణం మా మేనల్లుడికి అప్పజెప్పేశాను," అన్నాడు. "రాజ్‌కోట్‌లో ఎనిమిదో అంతస్తులో ఒక ఫ్లాట్ కొన్నాను. ఇక్కడి ఇల్లు డాక్టర్ ఓకెయో గారు తీసుకుంటున్నారు. దీపావళి వెళ్ళిన ఐదో రోజు లాభ పంచమి, మంచిరోజు, ఆ రోజున సంతకాలు. మా లాభు యాభై ఏళ్ళుగా అడుగుతోంది. ఇన్నాళ్ళకి దాన్ని మన దేశం తీసుకెళ్తున్నాను."

డాబా దద్దరిల్లేలా చప్పట్లు. ఎవరో పూలదండ తెచ్చి లాభుబెన్ మెళ్ళో వేశారు. దమయంతీబెన్ అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది.

"నీ కోరిక తీరింది లాభుబెన్! ఎంత అదృష్టం! వచ్చే ఏడు అన్నకూట్ బాధ్యత నాకొదిలెయ్, నువ్వు నిశ్చింతగా వెళ్ళు."

లాభుబెన్ ఏడ్చింది. ఆనంద బాష్పాలని అందరూ అనుకున్నారు. మరి ఏమనుకుంటారు? యాభై ఏళ్ళు మన దేశం మన దేశం అని ఊరి చెవులు చిల్లులు పొడిచిన మనిషి, ఇప్పుడు "నాకు వెళ్ళాలని లేదు" అని ఎలా అంటుంది? కక్కలేదు, మింగలేదు. చల్లారిన పాలూ అటుకులూ మాత్రం మింగి ఇంటికొచ్చింది.

ఆవిడకి వెళ్ళాలని లేదు. ఇదే నిజం, ఇందులో ఇంకో అర్థం లేదు. ఆవిడకి ఈ సరస్సు కావాలి, నాలుగింటికి ఠంచనుగా కురిసే ఈ వాన కావాలి, తిట్టడానికి ఈ హడాడా పక్షులు కావాలి. రాజ్‌కోట్‌లో ఎనిమిదో అంతస్తులో కూర్చుని ఎవరిని తిడుతుంది? అక్కడివాళ్ళకి "మన దేశంలో అయితేనా" అని ఏ దేశం గురించి చెబుతుంది?

మర్నాడు పూజగదిలో తలుపేసుకుని రణఛోడ్‌రాయ్ ముందు కూర్చుంది. రణఛోడ్‌రాయ్ అంటే కృష్ణుడే. జరాసంధుడితో యుద్ధం వదిలేసి పారిపోయినందుకు ఆ పేరు. పారిపోయినందుకు గుడి కట్టించుకున్న దేవుడు ఆయనొక్కడే.

"నీకు తెలియనిదేముంది నాయనా, ఈ అమ్మకం చెడగొట్టు. అది చెడిపోయేదాకా ఆమ్రస్ ముట్టను," అని మొక్కుకుంది.

మొక్కంటే అదీ పద్ధతి. పని జరిగేదాకా మనకి ప్రాణమైన తిండి ఒకటి మానెయ్యాలి. పని జరిగాక దాన్ని ముందు దేవుడికి పెట్టి, తర్వాతే నోట్లో పెట్టుకోవాలి. మామిడి రసం ఆవిడకి ఇష్టమే. కాకపోతే అప్పటికి మామిడికాయల రోజులు కావు. చెట్టు మీద లేని పండు మానేస్తానంటే దేవుడు నవ్వుకోడూ?

ఆ మధ్యాహ్నమే డాక్టర్ ఓకెయో టేపు పట్టుకుని వచ్చి వరండా కొలుచుకుని వెళ్ళాడు.

"సరే, మోహన్‌థాళ్ కూడా మానేస్తాను," అంది లాభుబెన్. నేతిలో ఓలలాడే శనగపిండి మిఠాయి అది. చక్కెర జబ్బని వైద్యుడు ఆవిడకి ఎప్పుడో మాన్పించేశాడు. రణఛోడ్‌రాయ్ ద్వారకలో రాజ్యం చేసినవాడు, గుజరాతీ వర్తకుల మధ్య బతికినవాడు. తూకంలో మోసం ఆయనకి తెలియదా? డాక్టర్ మర్నాడు మళ్ళీ వచ్చి ఈసారి పడగ్గదులు కొలుచుకున్నాడు.

అప్పుడు లాభుబెన్‌కి దేవుడు అడుగుతున్నదేమిటో అర్థమైపోయింది. ఆవిడకి ప్రాణమైన తిండి ఏమిటో లోకంలో ముగ్గురికే తెలుసు: ఆవిడకి, దేవుడికి, అవూర్‌కి.

అవూర్ ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న వంటమనిషి. పొద్దున్నే వ్రజలాల్ భోజనం డబ్బాలో కట్టి దుకాణానికి పంపేసేవారు. ఆ తర్వాత మధ్యాహ్నం వెనక వరండాలో ఇద్దరాడవాళ్ళూ పీటలేసుకుని కూర్చునేవారు. తెల్ల మొక్కజొన్న పిండి మరిగే నీళ్ళలో పోసి గట్టిగా గెలికిన, ఆ ఊరివాళ్ళు రోజూ తినే ఉగాలి ముద్ద పొగలు కక్కుతూ పళ్ళెంలో కూర్చునేది. పక్కన ఉల్లిపాయా టమాటా వేసి మగ్గబెట్టిన సుకుమ ఆకుకూర, లాభుబెన్ పెట్టిన పచ్చిమిరప ఊరగాయ. చేత్తో ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, అందులో కూర ఎత్తుకుని తినేవారు. ఊరందరి దృష్టిలో ఆ పిండి బస్తా అవూర్ కోసం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు లాభుబెన్ ముప్ఫై ఏళ్ళు అవూర్ పిండి తింది.

"ఇవాళ్టి నుంచి నాకొద్దు," అంది లాభుబెన్ పళ్ళెం పక్కకి నెట్టి.

అవూర్ ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదే! ఏమైంది బా నీకు?"

"మొక్కుకున్నాను."

"ఏమని?"

లాభుబెన్ చెప్పేసింది. అవూర్ తన ముద్ద తాను తుంచుకుంటూ విని, "ముసలాయనకి ఒక్క ముక్క చెబితే సరిపోయేదానికి దేవుడిదాకా ఎందుకు?" అంది.

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఉన్న మొహమే పెట్టుకుని చెప్పు. నీ దగ్గర ఇంకోటుందా?"

ఆ సాయంత్రమే కబురొచ్చింది. డాక్టర్ గారి భార్యకి వంటిల్లు నచ్చలేదట, ఆలోచించుకుంటారట. లాభుబెన్ పూజగదిలోకి పరుగెత్తి రణఛోడ్‌రాయ్ బుగ్గలు పుణికింది. తీరా నాలుగు రోజులు గడిచేసరికి డాక్టర్ మళ్ళీ ప్రత్యక్షం. వంటిల్లు సర్దుకుంటామని, మాట తప్పబోనని వ్రజలాల్ చెయ్యి పట్టుకుని మరీ ఊపాడు. లాభుబెన్ లెక్క వేసుకుంది. ముద్ద మానేసినా పని కాలేదంటే మధ్యలో ఎవరో అడ్డం పడుతున్నారు.

ఆ ఎవరో ఆదివారం బయటపడ్డారు. ఆదివారం సాయంత్రం ఊళ్ళో గుజరాతీలంతా కార్లేసుకుని సరస్సు ఒడ్డుకి వెళ్ళి, కార్లోంచి దిగకుండా తిండి తిని వస్తారు. నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కా కారమూ రుద్దిన మొక్కజొన్న పొత్తంటే వ్రజలాల్‌కి పిచ్చి. యాభై ఏళ్ళుగా అదే ఒడ్డున, ముందు తల్లి దగ్గరా ఇప్పుడు కూతురి దగ్గరా కొని తింటున్నాడు. ఆ వేళ పొత్తులమ్మాయి కారు కిటికీ దగ్గరికొచ్చి లాభుబెన్‌కే పొత్తు అందించింది. వ్రజలాల్ మొహం తిప్పుకుని నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు.

"మీరు తినరూ?" అంది లాభుబెన్.

"పంటి నొప్పి."

ఆయన నిమ్మసోడా తేవడానికి దిగగానే పొత్తులమ్మాయి కిటికీలోంచి తల దూర్చింది. "అమ్మా, పెద్దాయన అలిగాడా నా మీద? రోజూ దుకాణం కట్టేశాక వచ్చి తినేవాడు. పున్నమి వెళ్ళిందగ్గర్నుంచీ ముట్టడం లేదు. అడిగితే, మా దేవుడికి మాటిచ్చానంటాడు."

లాభుబెన్ చేతిలో పొత్తు చేతిలోనే ఉండిపోయింది. ఓహో! అదా సంగతి! ఇల్లు తొందరగా అమ్ముడుపోవాలని, రాజ్‌కోట్ వెళ్ళిపోవాలని ఈ ముసలాయన మొక్కుకున్నాడన్నమాట. నేను ముద్ద మానేస్తే ఈయన పొత్తు మానేసి లాగుతున్నాడన్నమాట! కారు ఇంటికి చేరేదాకా ఆవిడ పళ్ళు నూరుతూనే ఉంది.

అక్కడినుంచి మొదలైంది యుద్ధం. లాభుబెన్ టీ మానేసింది. వ్రజలాల్ వక్కపొడి మానేశాడు. ఈవిడ పెరుగు మానేస్తే ఆయన చేగోడీలు మానేశాడు. బల్లకి అటూ ఇటూ కూర్చుని "నాకాకలి లేదు" అంటే "నాకూ లేదు" అనుకుంటూ ఒకరినొకరు ఓరగా చూసుకునేవారు. ఇద్దరి మెడలూ సన్నబడ్డాయి. చివరికి అవూర్ గరిటె బల్ల మీద కొట్టింది.

"ఎవరికి వండను నేను? మీ దేవుడికి పొట్ట లేదు. మీకుంది, వాడరు. మూటాముల్లే సర్దుకుని మా అక్క దగ్గరికి పోతాను, అక్కడ మనుషులు తింటారు."

ఆ మాటకి లాభుబెన్‌కి ఇంకో సంగతి తట్టింది. ఇల్లు అమ్ముడైతే అవూర్ ఎలాగూ పోతుంది. ఇన్నేళ్ళు ఎదురుగా పీటేసుకుని కూర్చున్న మనిషి. రాజ్‌కోట్‌లో ఎనిమిదో అంతస్తులో వంటింటి వెనక వరండా కూడా ఉండదు. లాభుబెన్ పూజగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది, ఈసారి ఏడుస్తూనే.

"ఇదిగో చూడు," అంది దేవుడితో. "నన్ను ఇక్కడే ఉంచావంటే, ఆ ముద్ద నా చేత్తో గెలికి, అన్నకూట్‌లో అందరి ముందూ, ఆ దమయంతి ముందూ, నీకు నైవేద్యం పెడతాను. నా పరువు నీ పళ్ళెంలో పెడుతున్నాను. ఇంతకంటే నా దగ్గర ఇంకేం లేదు."

అన్నాక నాలుక కరుచుకుంది. అప్పటికే అనేసింది.

దీపావళికి ముందురోజు కాళీ చౌదశ్. ఆ రోజు గుజరాతీ ఆడవాళ్ళు ఇంట్లో కలహాన్ని వీధిలో పారేస్తారు. వడలు వేయించి, పొద్దు వాలగానే నాలుగు రోడ్ల కూడలికి తీసుకెళ్ళి, నీళ్ళతో చుట్టూ గీత గీసి, మధ్యలో వడలు పెట్టి వచ్చేస్తారు. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. చూశారో, పారేసిన కలహం లేచి వెంటపడి ఇంటికొస్తుంది. లాభుబెన్ నీరసంగా ఉందని వ్రజలాల్ తోడు బయల్దేరాడు. కూడలిలో మోటారు సైకిళ్ళవాళ్ళు ఈ ముసలి దంపతులు నడిరోడ్డు మీద వడలు వడ్డించడం చూసి ఈల వేశారు. లాభుబెన్ వాళ్ళని తిట్టి, గీత గీసి, వడలు పెట్టి ఇంటిదారి పట్టింది. ముందు ఆవిడ, వెనక ఆయన.

"మెల్లగా నడు. కళ్ళు తిరుగుతున్నాయా?" అన్నాడు వ్రజలాల్.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి. పొత్తులు మానేసింది మీరు, మీ కళ్ళు చూసుకోండి."

వెనక అడుగుల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"పొత్తుల సంగతి నీకెవరు చెప్పారు?"

"సరస్సు ఒడ్డంతా చెప్పుకుంటున్నారు. ఇల్లు తొందరగా అమ్ముడుపోవాలని మొక్కుకున్నారు కదూ? ఎంత తహతహండీ మీకు! నన్ను ఒక్క మాట అడిగారా?"

"అమ్ముడుపోవాలనా?" వ్రజలాల్ గొంతు కీచుమంది. "నేను మొక్కింది అమ్ముడుపోకూడదనే!"

లాభుబెన్ గిరుక్కున తిరగబోయింది.

"తిరక్కు!" అరిచాడు వ్రజలాల్. "వడలు! వడలు!"

ఆవిడ బలవంతాన మెడ నిలబెట్టుకుని ముందుకే చూస్తూ నిలబడింది. ఎదురుగా వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. ఆ కుక్కనే చూస్తూ అడిగింది: "మరి అమ్మకానికెందుకు పెట్టారు?"

"నీకోసమే! నీ నోరు ఏనాడైనా ఆగిందా? పాలు చూస్తే మన దేశం, గాలి చూస్తే మన దేశం. నిన్ను పెళ్ళాడి ఇక్కడే కట్టిపడేశాను కదా అని పొద్దున లేస్తూనే సిగ్గేసేది నాకు. చచ్చేలోపు ఆ ఒక్క కోరికైనా తీర్చాలనుకున్నాను. తీర్చాను. తీర్చిన మర్నాడే భయమేసి దేవుడి దగ్గరికి పరిగెత్తాను. రాజ్‌కోట్‌లో నాకెవరు తెలుసు లాభూ? సైకిల్ గంట మోగితే ఎవరి సైకిలో చెప్పగలిగేది ఈ ఊళ్ళోనే."

లాభుబెన్‌కి ఏడుపు ఆగలేదు. తుడుచుకోకుండానే నడిచింది. యాభై ఏళ్ళుగా ఈ మనిషి తల ఊపింది ఇందుకన్నమాట! తను నోటి తీట తీర్చుకుంటే ఆయన ప్రతి మాటా మూటకట్టుకుని గుండె మీద పెట్టుకున్నాడు.

"మాట వరసకన్నవి కూడా పట్టించుకుంటారా ఎవరైనా?" అంది.

"యాభై ఏళ్ళు మాట వరసా?"

"నాకు వెళ్ళాలని లేదండీ." ఆ మాట కుక్కతోనే చెప్పింది. చెప్పేశాక ఒళ్ళు తేలికైంది.

"ఇంకోసారి చెప్పు."

"చెప్పను."

వెనక వ్రజలాల్ ముక్కు చీదుకున్న చప్పుడైంది. ఆ తర్వాత, "నువ్వు ఉగాలి మానేస్తే, అక్కడ దొరకదు కదా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నావనుకున్నాను," అన్నాడు.

లాభుబెన్ కాళ్ళు రోడ్డుకి అతుక్కుపోయాయి. "ఏ ఉగాలి?"

"నెలకో బస్తా పిండి అవూర్ ఒక్కతే తినాలంటే అది ఏనుగై ఉండాలే. నాకు మాట తక్కువ గానీ కళ్ళు తక్కువా?"

గుమ్మంలోకి రాగానే ఇద్దరూ ఒకేసారి తిరిగి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ అధ్వానంగా ఉన్నాయి. ముందు లాభుబెన్‌కే నవ్వొచ్చింది.

"చూశారా ఈ రణఛోడ్ పనులు! ఒకే పనికి ఇద్దరి దగ్గరా మొక్కు పుచ్చుకున్నాడు."

"మరి? ద్వారకలో ఊరికే కూర్చున్నాడా ఇన్నేళ్ళు," అన్నాడు వ్రజలాల్.

మర్నాడు వ్రజలాల్ నాన్చుతూ నసుగుతూ డాక్టర్ ఓకెయోకి ఫోన్ చేశాడు. అవతల డాక్టర్ హమ్మయ్య అన్నది లాభుబెన్‌కి కూడా వినిపించింది. వాళ్ళావిడకి ఆ వంటిల్లు ఎన్నడూ నచ్చలేదట. స్వదేశం వెళ్ళాలని అంతగా ఉవ్విళ్ళూరుతున్న పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టలేక సర్దుకున్నారట. రాజ్‌కోట్ ఫ్లాట్ సంగతి తర్వాత చూసుకోవచ్చని ముసలాళ్ళిద్దరూ ఫోను పెట్టేసి దీపాలు వెలిగించడానికి వెళ్ళారు.

కానీ మొక్కు మిగిలే ఉంది. వ్రజలాల్ పొత్తుకి అడ్డేమీ లేదు, కాల్చిన పొత్తు ఏ దేవుడికైనా పెట్టొచ్చు. ముద్ద సంగతి అలా కాదు. అన్నకూట్ రోజు పొద్దున్నే అవూర్ పిండి బస్తా ముందుకు తోసి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నువ్వు గెలికిపెట్టవే," అని బతిమాలింది లాభుబెన్.

"నీ మొక్కు, నీ చెయ్యి. నన్ను లాగకు. మీ దేవుడు నాకు చుట్టం కాడు."

ఇన్నేళ్ళు తినడమే తప్ప లాభుబెన్ ఏనాడూ ఆ తెడ్డు పట్టలేదు. పిండి పోసింది, గెలికింది, భుజం పడిపోయింది, ఆవిరికి మొహం ఉడికిపోయింది. అవూర్ పక్కనే కూర్చుని హాయిగా చూసింది.

గుడిలో అప్పటికే కొండ లేచింది. గాఠియా, సుఖ్‌డీ, ఘూఘరా, ఢోక్లా వరసలు తీరి ఉన్నాయి. వాటి మధ్య ఊరిదే అయిన కర్రపెండలం వేపుడు కూడా దర్జాగా కూర్చుంది. దాన్ని ఎవరూ ఏమీ అనరు. అత్తగారి కాలం నుంచీ వస్తోంది కాబట్టి అది మనదైపోయింది. దమయంతీబెన్ కొత్త పట్టుచీర కట్టుకుని, రాజ్యం చేతికొచ్చేసిన హోదాలో గిన్నెల మూతలు ఎత్తి చూస్తోంది.

"రా లాభుబెన్, ఇది నీ ఆఖరి అన్నకూట్. మన దేశం వెళ్ళేముందు ఏం తెచ్చావో చూద్దాం," అంది.

లాభుబెన్ పళ్ళెం దేవుడి ముందు నడిమధ్యన పెట్టింది. మూత తీసేసింది.

తెల్లగా, గుండ్రంగా, ఒక పక్కకి కాస్త ఒరిగి, ముద్ద కూర్చునుంది. పక్కన సుకుమ కూర. గుడిలో గంట కొడుతున్నవాడు కొట్టడం ఆపేశాడు. దమయంతీబెన్ కళ్ళు మూకుళ్ళయ్యాయి.

"ఇది... ఇది ఉగాలి కదూ?"

"ఉగాలే. ముప్ఫై ఏళ్ళుగా మధ్యాహ్నం పూట నేను తినేదిదే," అంది లాభుబెన్. ఆవిడ గొంతు ఆవిడదే, గుడి చివరిదాకా వినబడింది. "నేనెక్కడికీ వెళ్ళడం లేదు. ఇక్కడే ఉండనిస్తే ఇది పెడతానని మొక్కుకున్నాను, పెట్టాను. ఎవరైనా ఏమైనా అనాలంటే ముందు ఆయన్ని అడగండి. మథురలో పుట్టాడు, గోకులంలో పెరిగాడు, ద్వారకలో ఇల్లు కట్టుకున్నాడు. మళ్ళీ గోకులం వెళ్ళాడా? ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగారా? పైగా ద్వారకకే వెళ్ళి దణ్ణాలు పెడుతున్నారు! దమయంతీ, నీ రాజ్మా గిన్నె నేను తిప్పి పంపాను. తప్పు నాదే. ఇప్పుడిది నువ్వు తిప్పి పంపుతానంటే పంపు."

ఇన్నేళ్ళ కసి తీర్చుకునే పళ్ళెం ఎదురుగా ఉంది. దమయంతీబెన్ చీర కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. వంగి చూసింది. హారతి అయ్యేదాకా అలాగే దాన్ని గుడ్లప్పగించి చూస్తూ నిలబడింది. హారతి పళ్ళెం కిందపెట్టగానే చెయ్యి చాచి, అంచున కాస్త తుంచి, రెండు వేళ్ళ మధ్య నలిపి, నోట్లో వేసుకుంది.

"లోపల పిండి పచ్చిగా ఉంది," అంది. "ఇదేం గెలకడం? నీళ్ళు తెర్లకముందే పోసేశావు. మంట తగ్గించి ఇంకాసేపు తిప్పి, అడుగు మాడిన వాసన వచ్చాక దించాలి. అంత మాత్రం తెలీదా?"

అని, అన్నాక, ఏమన్నానా అని ఆగిపోయింది.

గుడిలో ఆడవాళ్ళంతా దమయంతీబెన్ వైపు చూశారు. దమయంతీబెన్ మెడ నుంచి చెవులదాకా ఎర్రబడింది. వెనక వరసలోంచి ఎవరో ముసలావిడ నెమ్మదిగా, "మా ఇంట్లో దించేముందు చెంచాడు నెయ్యి వేస్తాం," అంది. ఇంకెవరో, "నెయ్యి వేస్తే జారిపోదూ? మేం వెయ్యం," అన్నారు. ఆపైన ఎవరేమంటున్నారో వినబడలేదు, అందరూ ఒక్కసారే మాట్లాడారు. మగవాళ్ళ వైపు స్తంభం పక్కన వ్రజలాల్ ప్రసాదం పొత్తు కొరుకుతూ, కళ్ళు మూసుకుని నములుతున్నాడు.

ఈ గోలంతటికీ బెదిరిపోయి నిలబడ్డ మనిషి ఒక్కడే, గిరిజాశంకర్ మహరాజ్. అతని ఆకులో కూడా ఎవరో ముద్ద ఒకటి వడ్డించేశారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెంచాతో పొడిచి చూసి, లాభుబెన్ దగ్గరికొచ్చాడు.

"బా, ఇదెలా తింటారు?"

లాభుబెన్ అతన్ని ఎగాదిగా చూసింది. పాపం, పిల్లాడు ఊరికి కొత్త.

"ఆ చెంచా అవతల పారెయ్," అంది. "మా దేశంలో దీన్ని చేత్తోనే తింటారు."